చెల్లీ, లెదర్ జాకెట్ కొంటున్నావా?

సొంత సంపాదనతో బుల్లెట్ కొనుక్కున్నావు, ఇప్పుడు లెదర్ జాకెట్ మీద మనసు పడింది. చాలా సంతోషం. ఫిల్మ్‌నగర్‌లో డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లోనో, కాస్ట్యూమ్స్‌లోనో పనిచేసే ఆడపిల్లకు వేళాపాళా ఉండదు. నైట్ షూటింగ్‌కు ప్యాకప్ చెప్పేసరికి తెల్లవారుజాము. రోడ్డు ఖాళీ, కళ్ల నిండా నిద్ర. పైగా జూబ్లీహిల్స్ అంటేనే గుట్టలు, పల్లాలు, మలుపులు. అందుకే ఈ ముచ్చట కాస్త తీరిగ్గా చెప్పుకుందాం.

ముందు తెర మీద చూసిన జాకెట్‌ని పక్కన పెట్టెయ్. హీరో వేసుకునేది కెమెరా కోసం కుట్టింది. డాన్సుకీ ఫైటుకీ అడ్డం రాకూడదు, లైట్ల వేడికి ఉక్కపోయకూడదు. ప్రమాదం సంగతి ఫైట్ మాస్టర్ చూసుకుంటాడు. తాళ్లు, పరుపులు, బట్టల కింద ప్యాడ్లు అన్నీ ఉంటాయి. మనం పడే రోడ్డు మీద అవేవీ ఉండవు. అచ్చం అలాంటిదే కావాలని వెతికితే చాలాసార్లు చేతికొచ్చేది రెక్సిన్, అంటే నకిలీ లెదర్. తారు మీద ఈడ్చుకుపోతే దాని పైపొర క్షణంలో లేచిపోతుంది, వేడికి కరిగి ఒంటికి అంటుకునే ప్రమాదమూ ఉంది.

హీరో సాయిధరమ్ తేజ్ ప్రమాదం నీకు గుర్తుండే ఉంటుంది. 2021 సెప్టెంబరు 10, వినాయక చవితి రోజు. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటాక స్పోర్ట్స్ బైక్ జారి పడ్డాడు. కాలర్ బోన్ విరిగింది, స్పృహ తప్పింది. జూబ్లీహిల్స్ అపోలో నుంచి ఇంటికెళ్లేసరికి విజయదశమి వచ్చింది. హెల్మెట్ వల్లే బతికానని ఆ తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. 2023లో ‘విరూపాక్ష’తో మళ్లీ తెర మీదికొచ్చాడు. అంతకుముందు 2003లో బాబూమోహన్ గారు, 2010లో కోట శ్రీనివాసరావు గారు బైక్ ప్రమాదాల్లో కన్నకొడుకులనే పోగొట్టుకున్నారు. మనల్ని అంతగా నవ్వించిన ఇద్దరికీ అంత కడుపుకోత. తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

కాబట్టి తలకు ఐఎస్‌ఐ గుర్తున్న హెల్మెట్ ముందు. అది చట్టం కూడా. జాకెట్ వేసుకోలేదేమని మాత్రం ఏ పోలీసూ ఆపడు. ఒంటి గురించి మనమే ఆలోచించుకోవాలి.

జాకెట్ చేసే పనులు రెండు. ఒకటి, రాపిడికి చర్మం లేచిపోకుండా కాపాడడం. దీనికి మంచి ఆవుతోలో గేదెతోలో, కనీసం 1.1 నుంచి 1.3 మిల్లీమీటర్ల మందం ఉండాలి. చేత్తో పట్టుకుంటేనే బరువు తెలుస్తుంది. చెయ్యి లోపలికి పెట్టి కుట్లు తడిమి చూడు. భుజం, మోచేయి దగ్గర రెండు మూడు వరసల కుట్టు ఉండాలి. పడ్డప్పుడు తోలు కంటే ముందు విడిపోయేది కుట్టే.

రెండోది, దెబ్బ ఎముకకు తగలకుండా ఆపడం. అది భుజాల్లో, మోచేతుల్లో పెట్టే ఆర్మర్ పని. ఆ ప్యాడ్ బయటికి తీయించి చూడు. దాని మీద యూరప్ ప్రమాణం ఈఎన్ 1621-1 అనీ, లెవెల్ 1 లేదా 2 అనీ అచ్చు వేసి ఉంటుంది. లెవెల్ 2 మరింత మేలు. వీపు దగ్గర తప్పక చూడు, చాలా జాకెట్లలో అక్కడ ఉత్త స్పాంజి ముక్క పెట్టి వదిలేస్తారు. ఈఎన్ 1621-2 ఉన్న బ్యాక్ ప్రొటెక్టర్ విడిగా కొని అందులో పెట్టుకో. ఇక లోపలి లేబుల్ మీద ఈఎన్ 17092, పక్కన ఏఏఏ, ఏఏ, ఏ అని ఉంటే మొత్తం జాకెట్‌ని పరీక్షించినట్టు. ఏఏఏ అన్నిటికంటే గట్టిది. మనలాంటి వాళ్లకు ఏఏ దొరికితే చాలు.

మనకొచ్చే అసలు చిక్కు కొలతల్లో. ఆడవాళ్ల సైజు లేదంటూ మగవాళ్ల స్మాల్ చేతిలో పెడతారు. భుజాలు వెడల్పు, నడుము దగ్గర వదులు. మోచేయి ప్యాడ్ ముంజేతి మీదికి జారిపోతుంది. పక్కకు జారిన ప్యాడ్ ఉన్నా లేనట్టే. ఆడవాళ్ల కోసం కత్తిరించిందే అడుగు, లేదంటే ఇంకో షాపుకు పద. అద్దం ముందు నిలబడి నిర్ణయించకు. బండి మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకుని ముందుకు వంగి చూడు. మణికట్టు కనిపించకూడదు, నడుము బయటపడకూడదు. మోచేయి ప్యాడ్ పట్టుకుని అటూ ఇటూ తిప్పితే కదలకూడదు. ప్యాంటుకు తగిలించే జిప్ ఉంటే ఇంకా మంచిది, జారేటప్పుడు జాకెట్ పైకి లేవదు. చున్నీ అయితే జాకెట్ లోపలే ఉండాలి, జడ కూడా.

ఇక హైదరాబాద్ ఎండ. ఏప్రిల్, మే నెలల్లో నిండు లెదర్ వేసుకుని జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర నిలబడటం మాటలు కాదు. సన్నటి రంధ్రాలు చేసిన లెదర్ దొరుకుతుంది, బండి కదిలితే గాలి ఆడుతుంది. అదీ భరించలేననుకుంటే మొహమాటపడకు, మంచి ఆర్మర్ ఉన్న మెష్ జాకెట్ తీసుకో. రాపిడికి లెదరంత ఆగదు, నిజమే. కానీ బీరువాలో వేలాడే లెదర్ కంటే ఒంటిమీదున్న మెష్ వెయ్యి రెట్లు నయం.

లెదరే తీసుకుంటే వానాకాలం జాగ్రత్త. తడిస్తే నీడలో, గాలికి ఆరనివ్వు. ఎండలో పెడితే బిరుసెక్కుతుంది, ప్లాస్టిక్ కవర్లో మూటగడితే బూజు పడుతుంది. అప్పుడప్పుడు లెదర్ కండిషనర్ పట్టించు.

డబ్బు దగ్గర వెనకాడుతున్నావా? ముందు హెల్మెట్, తర్వాత గ్లౌజులు, ఆ తర్వాత జాకెట్. పడగానే మన చేతులే ముందు నేలకు ఆనుతాయి కదా! ఇంట్లో అమ్మ “అంత డబ్బు పోసి కోటెందుకే?” అంటే లోపలి ప్యాడ్లు తీసి ఆమె చేతిలో పెట్టి చూపించు. అర్ధరాత్రి నీ కోసం గుమ్మంలో ఎదురుచూసే మనిషికి ఇంకేం చెప్పక్కర్లేదు. ఈ ఆదివారం షాపుకు ఆటోలో కాకుండా నీ బండి మీదే వెళ్లు. వేసుకుని, దాని మీద కూర్చుని, ఒంటికి పట్టిందనిపిస్తేనే డబ్బు తియ్యి.