ఆవిరిపాత్రల బలము

భద్రాచలమున కెదుట, గోదావరి యావలి యొడ్డున, సారపాకలో కాగితపు మిల్లు గలదు. అట్టి మిల్లులలో కఱ్ఱముక్కలను క్షారజలముతో గూర్చి, మూసిన యుక్కుపాత్రలలో అధికమగు నొత్తిడికి లోనుచేసి యుడికింతురు. స్తూపాకారపు పాత్ర పొడవునా చీలుటయే మెండు. ఏలయన, గోడయందు చుట్టువైపు పుట్టు బిగువు పొడవువైపు బిగువునకు రెట్టింపు. ఒత్తిడి మాఱకుండ వ్యాసము రెట్టింపైనచో గోడ మందమును రెట్టింపు కావలెను. తుప్పు తినివేయుటకు మఱికొంత చేర్చవలెను.

నీటితో పరీక్షించు పద్ధతి మాకు మిక్కిలి ముచ్చట గొలుపును. నీరు దాదాపుగా అణగదు. గోడ చీలినను ఒత్తిడి తక్షణమే పడిపోవును. ఆవిరియో, వ్యాపించి యుక్కుముక్కలను విసరును. ఎదుట నిలిచినవాని ప్రాణము దక్కదు. అందుచే బాయిలరును సాధారణముగా పనియొత్తిడికి ఒకటిన్నర రెట్లు నీటియొత్తిడితో పరీక్షింతురు. 1923 నాటి బాయిలరు చట్టమునకు బదులుగా 2025లో నూతన చట్టము చేయబడినది. యోగ్యతాపత్రము లేని బాయిలరును నడుపరాదను నియమము మాత్రము అందును నిలిచియున్నది.