ప్రభుత్వ పథకములు – పరిశీలకుని బాధ్యత

పట్టపరీక్ష ముగించి ఉద్యోగములకు దరఖాస్తులు వ్రాయుచున్న విద్యార్థులు మమ్ము తరచుగా ఒక ప్రశ్న అడుగుచుందురు. ప్రభుత్వోద్యోగమనగా ఆజ్ఞలిచ్చుట, ఫైళ్లు నడుపుట, ఈ రెండేనా అని. మూడవది కూడ ఉన్నది. ఖర్చయిన ధనము, జరిగిన పని ప్రజలకు ఫలమిచ్చినదా లేదా అని పరీక్షించి చెప్పుట ఆ మూడవ పని. దీనిని ఒక ప్రత్యేక వృత్తిగా తీర్చిన దేశములలో అమెరికా ఒకటి. అచ్చట ఆ ఉద్యోగిని ‘మేనేజ్‌మెంట్ అండ్ ప్రోగ్రామ్ అనలిస్టు’ అందురు. మనము పథక పరిశీలకుడని పిలుచుకొందము.

ఈ వృత్తి ఒక్కనాడు పుట్టినది కాదు. 1921లో వచ్చిన చట్టము అమెరికా కేంద్ర ప్రభుత్వమునకు బడ్జెటు కార్యాలయమును, లెక్కలు తనిఖీ చేయు స్వతంత్ర సంస్థను ఏర్పరచినది. 1961 తరువాత రక్షణశాఖలో మెక్‌నమారా పథకములను, వ్యయమును ముడిపెట్టి చూచు పద్ధతిని ప్రవేశపెట్టగా, 1965లో అధ్యక్షుడు జాన్సన్ దానిని ఇతర శాఖలకు విస్తరింపజేసెను. కాని కాగితముల భారము పెరిగినదే గాని నిర్ణయములు మారలేదు. 1971లో ఆ పద్ధతిని విడిచిపెట్టిరి. 1993 నాటి చట్టము ప్రతి శాఖయు తన లక్ష్యములను ముందుగా ప్రకటించి, సాధించినదెంతో పిదప తెలుపవలెనని విధించినది. 2019 జనవరిలో ఆమోదము పొందిన మరియొక చట్టము ప్రధాన శాఖలలో మూల్యాంకనాధికారులను నియమింపజేసినది.

ఈ ఉద్యోగమునకు అచ్చటి వర్గీకరణలో 0343 అను సంఖ్య కలదు. వేతనశ్రేణులు 15, ఒక్కొక్క శ్రేణిలో 10 మెట్లు. అనుభవజ్ఞులైన పరిశీలకులు సాధారణముగా 13, 14 శ్రేణులలో ఉందురు. సాధారణముగా అమెరికా పౌరులకే ఈ ఉద్యోగములు లభించును. అయినను మన విద్యార్థులు గమనింపదగిన విశేషమొకటి కలదు. దీనికి ఫలానా శాస్త్రమే చదివి యుండవలెనను నియమము లేదు. చరిత్ర చదివినవాడైనను, భాష చదివినవాడైనను అర్హుడే. కావలసినది వివేచన, స్పష్టముగా వ్రాయగల నేర్పు.

అతని పని యెట్టిదో ఊహించి చూతము. ఒక జిల్లాలో వయోజనులకు రాత్రి పాఠశాలలు తెరచినారనుకొందము. వంద కేంద్రములు తెరచితిమని, వేల పలకలు పంచితిమని నివేదిక వచ్చును. ఇవి చేసిన పనులే గాని ఫలితములు కావు. ఎందరు తమ పేరు వ్రాయగలుగుచున్నారు? ఎందరు బస్సు మీది ఊరిపేరు చదువగలుగుచున్నారు? మధ్యలో మానివేసినవారెవరు, ఎందువలన? దీపములో నూనె లేకనా, కోతల కాలము వచ్చియా? ఇట్టి ప్రశ్నలు వేయువాడే పరిశీలకుడు. మన ఇండ్లలో హిసాబు అందుము గదా, అది మొత్తము కూడుటతో ముగియదు. ఏ పైస ఎవరి చేతికి చేరినదో చెప్పినప్పుడే పూర్తియగును.

ఈ వృత్తిలో అసలు చిక్కు వేరే కలదు. పరిశీలకునకు ఆజ్ఞాపించు అధికారము లేదు. అతని బలమంతయు అతడు వ్రాయు కాగితమే. పథకము విఫలమైనదని వ్రాసిన పైవారికి కష్టము. సఫలమైనదని అబద్ధమాడిన ఆ రాత్రి పాఠశాలకు వచ్చి చదువురాకుండ మిగిలిన కూలివానికి నష్టము. మొదటివారు ఎదురుగ కూర్చుండియుందురు, రెండవవాడు కంటికి కనబడడు. ఎదుటనున్నవారి ముఖము చూచి కలము తిప్పినచో, కనబడనివానికి జరుగు అన్యాయమును ఏ తనిఖీయు పట్టలేదు.

ఇది మన దేశమునకు క్రొత్త విషయము కాదు. 1952 అక్టోబరులో సమాజాభివృద్ధి పథకము ప్రారంభమైనప్పుడే దాని ఫలితములను పరిశీలించుటకు ప్రణాళికా సంఘము ఒక మూల్యాంకన సంస్థను నెలకొల్పినది. ఆ పథకము గ్రామీణులలో స్వయంకృషిని మేల్కొలుపలేకపోయినదని 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము నిర్మొగమాటముగా తెలిపినది. ఆ సత్యకథనము నుండియే మూడంచెల పంచాయతీరాజ్ పుట్టినది. 1959లో రాజస్థాన్ వెంట ఆంధ్రప్రదేశ్ దానిని స్వీకరించినది. 2006 నుండి ఉపాధిహామీ పనులకు ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు జరిగినవి. గ్రామ యువకులు మస్టరు చేతబట్టి ఇంటింటికి పోయి, కూలి అందినదా అని అడిగి, ప్రజావేదికలో అందరి యెదుట చదివి వినిపించిరి. పదవ తరగతి చదివిన కూలివారి బిడ్డ అధికారిని లెక్క అడుగగలిగినది. ఇంతకంటె గొప్ప పరిశీలన వేరొకటి యుండునా?

విద్యార్థులారా! మీలో కొందరు రేపు కార్యాలయములలో కూర్చుందురు. మీ యెదుటికి అంకెల పట్టికలు వచ్చును. ప్రతి అంకె వెనుక ఒక మనిషి యున్నాడని మరువకుడు. తెలిసినంత వ్రాయుడు, తెలియనిచో పోయి చూడుడు, చూచినది మార్చక వ్రాయుడు. మేము తరగతిలో వాక్యము స్పష్టముగా నుండవలెనని పదేపదే చెప్పుట మార్కుల కొరకు మాత్రమే కాదు. ఒకనాడు మీరు వ్రాయు ఆ వాక్యముపై ఎవరి కూలియో, ఎవరి చదువో ఆధారపడియుండును.