పిల్లల గురిపటము

ధ్యానించవలసిన భాగములు: నెహెమ్యా 2–6 అధ్యాయములు; 1 సమూయేలు 17:38–39; అపొస్తలుల కార్యములు 16:6–10



పెద్దయిన తరువాత ఏమి కావలెనని ఉన్నదని మనము పిల్లలను అడుగుదుము. నర్సు కావలెనని ఒకతె, పోలీసు కావలెనని ఒకడు చెప్పుదురు. మనము నవ్వి మన పనికి పోవుదుము. ఆ మాట గాలిలో కలిసిపోవును. కొన్నియేండ్లకు ఆ పిల్లవాడు చదువు మాని కూలికి పోవునప్పుడు, ఆ బాలికకు తొందరపడి పెండ్లి చేయునప్పుడు, ఆనాటి మాటను ఎవరైనను జ్ఞాపకము చేసికొందురా?

ఆ మాటను నిలుపుటకు సులువైన ఉపాయమొకటి కలదు. పిల్లవాడు తన ఆశయమును బొమ్మలతో ఒక అట్టమీద అంటించి, దినదినము కనబడుచోట ఉంచుకొనుటయే. దీనిని విజన్ బోర్డు అందురు. మనము గురిపటమందము.

అయితే బొమ్మను చూచుచు కూర్చుండినంతమాత్రమున గురి చేరము. అమెరికాలో లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ అను పరిశోధకులు కాలేజీ విద్యార్థులను పరీక్షించి, 1999లో ఫలితములు ప్రకటించిరి. మంచి మార్కులు వచ్చినట్లు ఊహించుకొన్నవారికంటె, తాము కూర్చుండి చదువుచున్నట్లు ఊహించుకొన్నవారే ఎక్కువ చదివిరి, ఎక్కువ మార్కులు తెచ్చుకొనిరి. కావున పటములో గమ్యము మాత్రమే గాక మార్గము కూడ ఉండవలెను.

నెహెమ్యాను చూడుడి. యెరూషలేము గోడలు పడియున్నవని విని ఏడ్చెను, ప్రార్థించెను, అంతటితో ఆగలేదు. రాజునొద్ద పత్రికలును మ్రానులును అడిగెను. రాత్రివేళ తిరిగి, కూలిన చోట్లను పరిశీలించెను. పని వంతులుగా జరిగెను. అనేకులు తమ యిండ్లకు ఎదుటనున్న భాగమును కట్టిరి. 52 దినములలో గోడ పూర్తియాయెను.

పటము చేయు విధము

1. పాత క్యాలెండరు వెనుక భాగము గాని, అట్టపెట్టె ముక్క గాని చాలును. పాత పత్రికలలోని బొమ్మలను మైదా జిగురుతో అంటించవచ్చును. బొమ్మ దొరకనిచో పిల్లలే గీయుదురు.

2. నడుమ గురిని ఉంచి, చుట్టును మార్గమును చూపవలెను. నర్సు కాగోరు బాలికకు ఇంటర్మీడియట్, దానికి ముందు పదవ తరగతి, దానికి ముందు ఈ నెల సైన్సు పాఠములు, దానికి ముందు నేటి సాయంకాలము ఒక గంట చదువు.

3. క్రింద అడ్డంకిని, దానికి విరుగుడును వ్రాయవలెను. “సాయంకాలము తమ్ముని ఎత్తుకొనవలసి వచ్చినచో, తెల్లవారుజామున చదువుదును.”

4. ప్రక్కన తలిదండ్రుల వంతు ఉండవలెను. “ఆ గంటలో అమ్మ పని చెప్పదు, నాన్న టీవీ పెట్టడు.” గోడలో మన యింటి యెదుటి భాగము ఇదియే.

ఎవరి గురి?

సౌలు తన యుద్ధవస్త్రములను దావీదునకు తొడిగించెను. అలవాటులేని వాటితో దావీదు నడువలేక తీసివేసెను. మనము డాక్టరు బొమ్మ అంటించి, “ఇదే నీ గురి” అనినచో, అది మన పటమే గాని బిడ్డది కాదు. మెకానిక్ కావలెనని చెప్పిన పిల్లవానిని చిన్నచూపు చూడవద్దు. ముందు వినుడి, తరువాత మాటలాడుడి.

గురి మారవచ్చును కూడ. పౌలు ఆసియలో వాక్యము చెప్పకుండ ఆటంకపరచబడెను. బితూనియకు పోవ ప్రయత్నించెను, అదియు సాగలేదు. మాసిదోనియకు ద్వారము తెరువబడెను. కావున నెలకొకసారి బిడ్డతో కూర్చుండి పటమును చూడుడి. పూర్తియైన దానిపై గుర్తు పెట్టుడి, మార్చవలసినది మార్చుడి. పరీక్ష తప్పిననాడు ఆ పటమును చూపి నిందింపకుడి. అది బిడ్డను నడిపించుటకే గాని సిగ్గుపరచుటకు కాదు.

ఆలోచించుడి

1. మీ బిడ్డ ఏమి కాగోరుచున్నాడో మీకు తెలియునా? కడపటిసారి ఎప్పుడు అడిగితిరి?

2. ఆ పటములో మీరు వ్రాయదగిన వంతు ఏది?

3. అన్నకు ఇచ్చిన చదువు గంటను చెల్లెలికిని ఇచ్చుచున్నారా?