చక్కెర వ్యాధిలో కాలేయపు ఎన్‌జైములు

సంక్రాంతి సెలవులకు ఊరికి పోయినప్పుడు మా నాయన రక్తపరీక్ష కాగితం నా చేతికిచ్చాడు. ఎస్.జి.పి.టి. 81, ఎస్.జి.ఓ.టి. 54. పక్కన అచ్చువేసిన హద్దు 40. "తాగుడు ఎరగనోణ్ణి. షుగర్ మాత్రలే కార్జాన్ని తినేసినాయిరా" అన్నాడు. అప్పటికే మాత్రలు మాని, ఎవరో ఇచ్చిన పసరు తాగుతున్నాడు. సైన్సు చదివే కొడుకునై ఉండీ జవాబు చెప్పలేకపోయాను. తర్వాత తెలుసుకున్నది తోటి విద్యార్థుల ముందుంచుతున్నాను.

ఈ ఎన్‌జైములు కాలేయ కణాల లోపల ఉండవలసినవి. కణాలు దెబ్బతింటే రక్తంలోకి కారుతాయి. చెరువుకట్ట కింద చెమ్మ కనబడితే మనం చెమ్మను తుడిచి ఊరుకోము, గండి ఎక్కడో వెతుకుతాము. ఇదీ అంతే. అంకె రోగం కాదు, రోగం జాడ.

మధుమేహంలో ఈ జాడకు తరచు కారణం కాలేయంలో చేరే కొవ్వు. ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు ఒంటి కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. తిన్న పిండిపదార్థంలో మిగులు కూడా అక్కడ కొవ్వుగా మారుతుంది. మద్యం ముట్టనివారిలోనూ కొవ్వు వల్ల కాలేయం వాచడాన్ని 1980లో మేయో క్లినిక్ వైద్యుడు లుడ్విగ్ వర్ణించి, దానికి పేరు పెట్టాడు. మన దేశం 2021లో ఈ కొవ్వు కాలేయాన్ని అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది.

అయితే అంతా కొవ్వేనని తేల్చరాదు. మద్యం, హెపటైటిస్ బి, సి, క్షయ మందులు, పసరు మందులు కూడా కారణాలు కావచ్చు. అందుకే వాడేవన్నీ డాక్టరుకు దాచకుండా చెప్పాలి. మెట్‌ఫార్మిన్ మామూలుగా కాలేయాన్ని పాడుచేయదు. మన అంతట మనం మాత్రలు మానితే చక్కెర పెరుగుతుంది.

కాలేయం ఎంత గట్టిపడిందో అంచనా కట్టడానికి ఫిబ్-4 అనే లెక్క ఉంది. వయస్సును ఎస్.జి.ఓ.టి.తో గుణించి, వేలలో చెప్పిన ప్లేట్‌లెట్ల సంఖ్యతోను, ఎస్.జి.పి.టి. వర్గమూలంతోను భాగించాలి. నాయన వయస్సు 50, ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలు, అనగా 250 వేలు. 81కి వర్గమూలం 9. 2700ను 2250తో భాగిస్తే 1.2. ఇది 1.3 లోపు ఉంటే ప్రమాదం తక్కువ. మించితే స్కానింగు వంటి తదుపరి పరీక్షలు అవసరం. ఎన్‌జైములు హద్దులోనే ఉన్నా లోపల కాలేయం గట్టిపడుతూ ఉండవచ్చు. కనుక మధుమేహం ఉన్నవారికి ఈ లెక్క ఎలాగూ కట్టాలి.

మరి చికిత్స? బరువులో నూటికి 5 పాళ్ళు తగ్గితే కాలేయపు కొవ్వు తగ్గుతుంది. 7 నుండి 10 పాళ్ళు తగ్గితే వాపు కూడా తగ్గుతుంది. సంగటి మంచిదే గాని ముద్దకు కొలత ఉండాలి. మన చిత్తూరు బెల్లం కూడా చక్కెరే. మామిడికాలంలో మరీ జాగ్రత్త.

డాక్టరు చెప్పాక నాయన పసరు మానాడు, మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాడు. మూడు నెలల్లో 80 కిలోల మనిషి 76కు దిగాడు. ఎస్.జి.పి.టి. 52 అయింది. ఇంకా 40కి రాలేదు. "వస్తాదిలే, పైరు ఒక్కనాడే కోతకొస్తుందా?" అంటున్నాడు. ఈసారి ఆయన చెప్పిందే శాస్త్రం.