ఫోర్ వీల్ లైటు వెలిగితే చాలదు, ముందు షాఫ్ట్ తిప్పి చూడండి



ఈసారి పురుగు గురించి కాదు, ఆకు మోసే బండి గురించి రాస్తున్నాము. మన కెలవరపల్లి, హోసూరు చుట్టుపక్కల రైతుల దగ్గర పాత జిప్సీలు ఇంకా కొన్ని తిరుగుతున్నాయి. 1985లో మారుతి వాళ్లు తెచ్చిన బండి అది. వానాకాలంలో ఎర్రమన్ను దారిలో ఆకు తేవాలంటే దానికి మించింది లేదు. అయితే ఫోర్ వీల్ పడాలి కదా!

పోయిన అక్టోబరులో మా పురుగు ఐదో దశలో ఐదో రోజు. పురుగు మొత్తం తినే ఆకులో 80 శాతం పైనే ఆ ఒక్క దశలో తింటుందని మీకు చెప్పక్కరలేదు. మేము గుత్తకు తీసుకున్న తోట వంక అవతల ఉంది. సాయంత్రం మేతకు ఆకు వేసుకొని వస్తుంటే వంక ఎక్కే చోట బండి కూరుకుపోయింది. లివర్ 4హెచ్‌లో వేశాము. ఎదురుగా మీటర్ల దగ్గర లైటు కూడా వెలిగింది. వెనక చక్రాలు బురద చిమ్ముతున్నాయి గాని ముందు చక్రాలు కదిలితే ఒట్టు. ట్రాక్టర్ తెచ్చి లాగేసరికి రాత్రి తొమ్మిదిన్నర అయింది. మూట కట్టిన ఆకు లోపల వేడెక్కి సగానికి సగం పనికిరాకుండా పోయింది. ఇంట్లోవాళ్లు పక్క తోటలో అడిగి తెచ్చిన నాలుగు మోపులతోనే ఆ రాత్రి గడిపాము. ఆ పంటలో గూడు బరువు తగ్గింది. అంతా ఆ ఒక్క పూట వల్లే అనము, కానీ ఆకలితో తలలెత్తి చూస్తున్న తట్టలు ఇంకా కళ్లముందే ఉన్నాయి.

మర్నాడు మెకానిక్కు చూసి, ట్రాన్స్‌ఫర్ పెట్టె దించాలి, లోపల పళ్లు పోయుంటాయి అన్నాడు. చెప్పిన ఖర్చు వింటే ఒక పంట డబ్బు అక్కడే అయిపోయేటట్టుంది. మా ఊళ్లో చాలా ఏళ్లు జీపు తోలిన పెద్దాయన ఒకరున్నారు. ఆయన ఒకటే మాట అన్నారు: "పెట్టె విప్పకముందు షాఫ్ట్ తిప్పి చూడప్పా."

ఆ మాట అర్థం కావాలంటే బలం పోయే దారి తెలియాలి. జిప్సీలో గేరుపెట్టె నుంచి ఒక చిన్న షాఫ్ట్ ట్రాన్స్‌ఫర్ పెట్టెకు వస్తుంది. అక్కడి నుంచి వెనక్కి ఒకటి, ముందుకు ఒకటి పోతాయి. 2హెచ్‌లో వెనక షాఫ్ట్‌కే బలం. 4హెచ్ వేస్తే ముందు షాఫ్ట్ కూడా దానితో కలుస్తుంది. ముందు షాఫ్ట్ నుంచి క్రౌన్, అక్కడ నుంచి యాక్సిల్, చివర చక్రం మధ్యలో ఉండే హబ్. మా బండికి హబ్ చేత్తో తిప్పేది, ఫ్రీ, లాక్ అని రెండు గుర్తులుంటాయి. మీటర్ల దగ్గర లైటుకు స్విచ్ ట్రాన్స్‌ఫర్ పెట్టె మీద ఉంటుంది. అంటే లివర్ పడిందని మాత్రమే అది చెబుతుంది. చక్రం దాకా బలం వచ్చిందో లేదో దానికి తెలియదు. మేము ఇన్నేళ్లూ ఆ లైటునే నమ్ముకున్నాము.

పరీక్ష ఇది. బండిని సమంగా ఉన్న నేల మీద పెట్టి ఇంజిన్ ఆపండి. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి, హ్యాండ్ బ్రేకు ఒక్కదాన్నే నమ్మొద్దు. రెండు హబ్‌లూ ఫ్రీలో ఉంచండి. లివర్ 2హెచ్‌లో ఉన్నప్పుడు ముందు షాఫ్ట్ చేత్తో తిప్పితే తిరగాలి. ఇప్పుడు ఒకరిని లివర్ 4హెచ్‌కు తొయ్యమనండి. పడకపోతే కింద షాఫ్ట్‌ను కొంచెం తిప్పుతూ ఉండండి, పన్ను కలిసి పడుతుంది. పడ్డాక షాఫ్ట్ తిరగకూడదు, కొద్దిగా అటూ ఇటూ ఆడితే పర్వాలేదు. అలా పట్టుకుందంటే పెట్టె మంచిదే, తప్పు ముందు భాగంలో ఉంది. ఇంకా సులువుగా తిరుగుతోందంటే అప్పుడు లివర్, పెట్టె చూడాలి.

మాది గట్టిగా పట్టుకుంది. పెట్టె దించే పని తప్పింది.

తరువాత హబ్‌లు. లివర్ మళ్లీ 2హెచ్‌కు తెచ్చి ఒక్కో ముందు చక్రాన్నే జాకీతో లేపాము. జాకీ మీద ఉన్న బండి కిందికి మాత్రం దూరొద్దు. హబ్ ఫ్రీలో ఉంటే చక్రం తేలికగా తిరుగుతుంది. లాక్‌లో పెట్టి తిప్పితే లోపల యాక్సిల్‌నూ లాక్కుంటూ తిరగాలి కాబట్టి చేతికి బరువు తెలుస్తుంది. కుడి చక్రం అలాగే తెలిసింది. ఎడమది ఫ్రీలో ఎలా తిరిగిందో లాక్‌లోనూ అలాగే తిరిగింది.

ఒక్క హబ్ పోతే రెండో చక్రమైనా లాగాలి కదా అని మేమూ అడిగాము. లాగదు. క్రౌన్‌లో ఉండే డిఫరెన్షియల్ బలాన్ని సులువుగా తిరిగే వైపుకే వదిలేస్తుంది. ఎడమ యాక్సిల్ చక్రానికి పట్టుకోకుండా లోపల ఊరికే తిరుగుతుంటే, కుడి చక్రం మట్టి మీద గట్టిగా కూర్చుని ఉన్నా దానికి ఏమీ అందదు. అందుకే ఒక చక్రంలో ఉన్న చిన్న తప్పుకు ఫోర్ వీల్ మొత్తం పోయినట్టు కనబడింది.

హబ్ మూత విప్పితే లోపల గ్రీజు నల్లగా మైనంలా గట్టిపడి ఉంది, వంక నీళ్ల బురద కూడా చేరింది. నాబ్ తిరిగినా పళ్ల రింగు జరిగి యాక్సిల్‌ను పట్టుకోవడం లేదు. గ్రీజు ఎక్కువ కూరితే మంచిదని మేమే ఒకసారి నింపించాము, అది మా తప్పు. హబ్‌లో గ్రీజు పలచగా పూతలా ఉంటే చాలు. డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, కొత్త గాస్కెట్ వేసి బిగించాము. అర పూట పని.

షాఫ్ట్ తిరుగుతూనే ఉన్నవాళ్లు ముందు లివర్ కింద కీళ్లు, బుష్‌లు అరిగాయేమో చూడండి. జిప్సీ ట్రాన్స్‌ఫర్ పెట్టె రబ్బరు మౌంటుల మీద కూర్చుంటుంది. అవి చిరిగితే పెట్టె పక్కకు జరిగి లివర్ సగమే పడుతుంది, యాక్సిలరేటర్ తొక్కగానే ఊడిపోతుంది. ఇవన్నీ బాగుంటేనే పెట్టె విప్పే మాట.

ఇప్పుడు మేము వానలు మొదలయ్యే ముందు హబ్‌లు విప్పి చూస్తాము. రెండు వారాలకొకసారి మెత్తని మట్టి దారిలో కొంచెం దూరం ఫోర్ వీల్‌లో తోలుతాము. తారు రోడ్డు మీద మాత్రం వెయ్యము, ముందు వెనక షాఫ్ట్‌లు మెలిపడి లివర్ తిరిగి రాదు. అలా ఇరుక్కుంటే బలవంతం చేయకుండా బండిని నిదానంగా నాలుగడుగులు వెనక్కి తీయండి, వదులుతుంది. హబ్ లాక్ తిప్పాక కూడా బండిని ఒక అడుగు కదిలిస్తేనే పళ్లు కలుస్తాయి. రెండు వైపులా తిప్పారా అని ఒకసారి దిగి చూసుకోండి.

మేము చెప్పింది చేత్తో తిప్పే హబ్‌ల గురించే. బటన్‌తో ఫోర్ వీల్ పడే బండ్లలో కరెంటు, వాక్యూమ్ గొట్టాల సంగతి వేరే ఉంటుంది, అది మాకు అనుభవం లేదు. అలాంటి బండి ఉన్నవాళ్లు మీ అనుభవం రాసి పంపండి, వచ్చే సంచికలో వేస్తాము.