గోడ రంగును తేల్చేది వెలుతురే

ప్రశ్న: మా హాలు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. కిటికీలు ఉత్తరం గోడకే ఉన్నాయి. నాకు లేత గంధం రంగు ఇష్టం, మావారికి నెమలికంఠం నీలం. షేడ్ కార్డులో రెండూ బాగున్నాయి. ఏది వేయించమంటారు?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ హాలుకు గంధం రంగే నప్పుతుంది. ఉత్తరం కిటికీలోంచి ఏడాదిలో ఎక్కువ నెలలు నేరుగా ఎండ పడదు. లోపలికొచ్చేది ఆకాశపు వెలుగే, దానిలో నీలి ఛాయ ఎక్కువ. ఆ వెలుగులో నీలం గోడలు ఇంకా ముదురుగా కనిపిస్తాయి, గంధంలోని పసుపు మాత్రం గదికి వెచ్చదనం తెస్తుంది. షేడ్ వివరాల్లో ఎల్‌ఆర్‌వి అనే అంకె ఉంటే చూడండి. గోడ ఎంత వెలుతురును తిప్పి పంపుతుందో అది చెబుతుంది. నలుపుకు 0, తెలుపుకు 100. లేత గంధం రంగులు సాధారణంగా 60 దాటుతాయి, ముదురు నీలాలు 15 లోపే ఉంటాయి.

అలాగని మీవారి ముచ్చట కాదనక్కర్లేదు. కిటికీలకు ఎదురుగా ఉన్న దక్షిణం గోడ ఒక్కదానికి నీలం వేయించండి. వెలుతురు సూటిగా పడి రంగు నిండుగా కనిపిస్తుంది. కిటికీలున్న గోడకు మాత్రం వద్దు, ఆ గోడ మీద వెలుగు తక్కువ పడుతుంది.

కార్డు చూసి పెద్ద డబ్బాలు కొనేయకండి. శాంపిల్ డబ్బాలు తెచ్చి, రెండు తెల్లటి చార్టుల మీద రెండేసి కోట్లు వేసి పూర్తిగా ఆరనివ్వండి. వాటిని గోడకు ఆనించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్ల కింద విడివిడిగా చూడండి. పక్కపక్కన పెడితే నీలం వల్ల గంధం ఉన్నదానికన్నా పసుపుగా తోస్తుంది. పారిస్‌లోని గోబెలిన్ అద్దకశాలలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ 1839లోనే ఈ సంగతిపై పుస్తకం ప్రచురించారు.

ప్రశ్న: బెడ్‌రూమ్‌కు లేత గంధం వేయించాం. పగలు బాగుంది, రాత్రి పాలిపోయినట్టుంది. మళ్లీ రంగు వేయించాలా?
– ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: తొందరపడకండి. ముందు బల్బు పెట్టె మీద 6500కె అని ఉందేమో చూడండి. అది నీలి ఛాయ ఉన్న తెల్లటి వెలుగు, గంధంలోని పసుపును అణిచేస్తుంది. 3000కె వార్మ్ వైట్ బల్బు, వీలైతే సీఆర్‌ఐ (రంగులను ఎంత సహజంగా చూపుతుందో చెప్పే అంకె) 90 ఉన్నది, పెట్టి వారం రోజులు చూడండి. అప్పటికీ నచ్చకపోతేనే పెయింటరును పిలవండి.