ఇద్దరి పడవను ఒక్కరు నడపగలగాలి

మా బాబాయి, పిన్ని తార్నాకలో ఉంటారు. నేను ఉస్మానియా క్యాంపస్‌లో మెకానికల్ మూడో సంవత్సరం. ఆదివారం భోజనం ఎప్పుడూ వాళ్లింట్లోనే. బాబాయి పోయిన వేసవిలో రిటైరయ్యారు. హుస్సేన్ సాగర్‌లో చిన్న తెరచాప పడవలు నడిపిన అనుభవం ఆయనకు చాలా ఏళ్లదే. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో ఒక పెద్ద పడవ కొని, పిన్నితో కలిసి విశాఖ నుంచి కాకినాడ మీదుగా తీరం వెంబడి తీరిగ్గా తిరగాలని ఆయన కోరిక.

ఒక ఆదివారం ల్యాప్‌టాప్‌లో 42 అడుగుల పడవ ఫొటోలు చూపించి “ఎట్లుందిరా?” అన్నారు. నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి పిన్ని అడిగింది: “నడి సముద్రంలో మీకేమన్నా అయితే, అంత పెద్ద తెరచాప నేను దించగలనా?”

రెండేళ్ల కిందట బాబాయికి గుండెలో స్టెంట్ వేశారు. ఆ ప్రశ్నకు మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఆ జవాబు కోసం నేను చదివింది, లెక్క కట్టింది ఈ వ్యాసం. దీనికి మా ఇంట్లో “పిన్ని పరీక్ష” అని పేరు.

ఒక్కరు ఎందుకు?

పడవలో ఇద్దరున్నారు కదా, ఒక్కరి సంగతి ఎందుకు అనిపిస్తుంది. లెక్క చూద్దాం. మామూలు తెరచాప పడవ గరిష్ఠ వేగం అది నీళ్లను తాకే పొడవును బట్టి ఉంటుంది. ఆ పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వేగం నాట్లలో వస్తుంది. నీటి మట్టం దగ్గర 25 అడుగులుంటే 1.34 × 5 = 6.7 నాట్లు, అంటే గంటకు సుమారు 12 కిలోమీటర్లు. గాలి ఎప్పుడూ అనుకూలంగా ఉండదు కాబట్టి సగటున 5 నాట్లు వస్తే గొప్ప.

విశాఖ నుంచి కాకినాడకు సముద్రం మీద 70 నుంచి 80 నాటికల్ మైళ్లు. 5 నాట్ల చొప్పున 14 నుంచి 16 గంటలు. పగటి వెలుతురు ఉండేది దాదాపు 12 గంటలే. అంటే కొంత ప్రయాణం చీకట్లో తప్పదు. అన్ని గంటలు ఇద్దరూ మేలుకుని ఉండలేరు. ఒకరు పడుకుంటే చుక్కాని దగ్గర మిగిలేది ఒక్కరే. కాబట్టి పిన్ని అడిగింది ఆపద వచ్చినప్పటి సంగతి మాత్రమే కాదు, ప్రతి ప్రయాణంలోనూ జరిగేదే.

ఎంత పడవ?

గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో చదువుకున్నాం. 20 చదరపు మీటర్ల తెరచాప మీద 10 నాట్ల గాలి సుమారు 32 కిలోల బరువంత బలం చూపిస్తుంది. గాలి 20 నాట్లయితే అది రెట్టింపు కాదు, నాలుగింతలు: దాదాపు 130 కిలోలు. పడవ పొడవు పెరిగితే తెరచాప విస్తీర్ణం, లంగరు బరువు, తాళ్ల మీద బిగువు అన్నీ పెరుగుతాయి. 42 అడుగుల పడవ 30 అడుగుల దానికంటే 12 అడుగులే ఎక్కువ. కానీ అన్ని కొలతలూ అదే దామాషాలో పెరిగితే బరువు 1.4 ఘనం, అంటే రెండున్నర రెట్లు దాటుతుంది.

దీనికి బాబాయి ఒక ఎదురుదెబ్బ కొట్టారు. “మన నేవీలో లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా, రూప ఇద్దరే 56 అడుగుల తారిణి మీద ప్రపంచం చుట్టి రాలేదా?” నిజమే. 2024 అక్టోబర్ 2న గోవాలో బయల్దేరి 2025 మే 29న తిరిగొచ్చారు. అయితే వాళ్లు ఏళ్ల తరబడి దానికోసమే శిక్షణ పొందినవాళ్లు. మనం పడవ ఎంచాల్సింది ఇద్దరిలో బలవంతుడి చేతులు చూసి కాదు, తక్కువ బలం, తక్కువ అనుభవం ఉన్నవారి చేతులు చూసి.

అందుకే మేం 28 నుంచి 32 అడుగుల మధ్యకు దిగాం. కొనేముందు పిన్ని ఒక్కతే చేసి చూడాల్సినవి ఐదు: తెరచాప ఎత్తడం, గాలి పెరిగినప్పుడు దాన్ని మడిచి కుదించడం, పూర్తిగా దించడం, లంగరు వేసి తియ్యడం, ఇంజన్ స్టార్ట్ చేసి పడవను జెట్టీకి చేర్చడం. ఆరోది కూడా ఉంది. నీళ్లలో పడినవారి దగ్గరికి పడవను తిప్పి తీసుకెళ్లి, కప్పీల సాయంతో పైకి లాగడం. ఎనభై కిలోల మనిషిని ఉత్త చేతులతో ఎవరూ లాగలేరు.

నిలకడ

1979లో ఫాస్ట్‌నెట్ పందెంలో తుపాను గాలులకు 15 మంది పోటీదారులు చనిపోయారు. ఆ తర్వాత జరిగిన పరిశోధనల నుంచి ఒక సులువైన సూత్రం వచ్చింది. పడవ బరువును పౌండ్లలో తీసుకుని 64తో భాగించి ఘనమూలం కట్టాలి. పడవ వెడల్పును అడుగుల్లో తీసుకుని ఆ సంఖ్యతో భాగించాలి. ఫలితం 2 కంటే తక్కువ ఉంటే మంచిది. వెడల్పు 10 అడుగులు, బరువు 10,000 పౌండ్లు అయితే 1.86 వస్తుంది. అదే వెడల్పుకు బరువు 7,000 పౌండ్లే అయితే 2.09. ఈ సూత్రం బరువు ఎంత కిందికి ఉందో చూడదు కాబట్టి దీన్ని మొదటి వడపోతగానే వాడాలి.

మన తీరానికి ఇంకో షరతు ఉంది. గోదావరి మేట వేసే చోట, కాకినాడ దగ్గర సముద్రం లోతు తక్కువ. అడుగున కీల్ రెండు మీటర్లు దిగే పడవ కంటే మీటరున్నర లోపు దిగేది నయం.

పాతదాంట్లో ఏం చూడాలి?

ఫైబర్ పడవ అయితే ప్లాస్టిక్ సుత్తితో అంగుళం అంగుళం తట్టాలి. గట్టి చోట టక్ మంటుంది, పొరలు విడిపోయిన చోట బద్దగా పలుకుతుంది. పడవను నీళ్లలోంచి పైకి తీయించకుండా కొనకూడదు. అడుగున బొబ్బలున్నాయా, కీల్ బోల్టుల దగ్గర తుప్పు కారుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. డెక్ మీద నడుస్తుంటే మెత్తగా దిగిందంటే లోపలి చెక్క కుళ్లినట్టు.

కొయ్యను నిలబెట్టే స్టీల్ తీగలకు పది, పదిహేనేళ్లే ఆయుష్షు. పైకి మెరుస్తున్నా సందుల్లో తుప్పు పడుతుంది. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనాలి. ఇంజన్‌ను మనం వెళ్లేసరికి వేడిచేసి ఉంచితే అనుమానించాలి, చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు.

చుక్కానిని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడాలి. తారిణి తొలి ప్రపంచ యాత్రలో హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖ అమ్మాయి పాతర్లపల్లి స్వాతి ఉన్నారు. 2018లో ఇంటిదారిలో చుక్కాని వ్యవస్థ ఇబ్బంది పెట్టి, ముందు అనుకోని మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. అప్పటికి ఆ పడవ వయసు నిండా రెండేళ్లు కూడా కాదు. ఇరవై ఏళ్ల పడవలో ఇంకెంత చూడాలి!

ఇవన్నీ చూశాక కూడా సొంతంగా ఒక సర్వేయర్‌ని పెట్టుకోవాలి. ఆ సర్వేయర్ అమ్మేవాళ్లు చూపించిన మనిషి కాకూడదు. చేతిలో ఉన్న డబ్బంతా ధరకే పోయకుండా కనీసం ఐదో వంతు రిపేర్లకు ఉంచుకోవాలి.

సుఖం అంటే

ఫొటోల్లో విశాలమైన డబుల్ బెడ్ బాగుంటుంది. పడవ ఒరిగినప్పుడు దాని మీద మనిషి దొర్లిపోతాడు. సముద్రంలో నిద్ర పట్టేది పక్కన గుడ్డ అడ్డం కట్టిన ఇరుకు పడక మీదే. మన ఎండకు నీడ, గాలాడే కిటికీలు, సరిపడా మంచినీళ్ల ట్యాంకు, చేతికందే పట్టుకొయ్యలు ముఖ్యం. ఇక కాలం సంగతి: ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుపాన్ల భయం. జనవరి నుంచి మార్చి వరకు కాస్త నమ్మొచ్చు.

బాబాయి ఇంకా పడవ కొనలేదు. 42 అడుగుల ఫొటోలు మాత్రం తీసేశారు. ప్రస్తుతం ఆదివారాలు పొద్దున్నే ఇద్దరూ తార్నాక నుంచి హుస్సేన్ సాగర్‌కు వెళ్తున్నారు. చుక్కాని పిన్ని చేతిలో ఉంటుంది. బాబాయి ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చోవాలి, సలహా కూడా ఇవ్వకూడదు. అదీ షరతు.

పోయిన వారం భోజనాల దగ్గర పిన్నిని అడిగాను, ఎలా ఉందని. “ఒడ్డుకు తెచ్చాను” అంది, నాకు ఇంకో గరిటె పప్పు వేస్తూ.